ఫోర్డు పేరిట కాలేజీ, అరబ్బుల ఊరు

ముస్లింల చదువు అనే మాట వస్తే చాలు, మన దగ్గర చర్చ రెండు గదుల్లోకి దూరి తలుపేసుకుంటుంది. ఒకటి మదర్సా, రెండోది మైనారిటీ కాలేజీ. హిందూత్వవాది మదర్సాను చూపించి భయపెడతాడు. లౌకికవాది మదర్సాను చూపించి జాలిపడతాడు. మన పెద్దలేమో మైనారిటీ కాలేజీ బోర్డును చూపించి ఖౌమ్‌కు చేసిన ఖిద్మత్ అంటారు. 2006లో సచార్ కమిటీ లెక్క తీసి చెప్పింది, బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాకు వెళ్లేది నూటికి ముగ్గురేనని. మిగతావాళ్లు ఎక్కడున్నారు? సర్కారు బళ్లో ఉన్నారు, గల్లీ ప్రైవేటు స్కూల్లో ఉన్నారు, మెకానిక్ షెడ్లో ఉన్నారు, పంక్చర్ షాపులో ఉన్నారు. వాళ్ల గురించి మాట్లాడాలంటే అందరి పన్నుతో నడిచే అందరి కాలేజీ గురించి మాట్లాడాలి. ఆ మాట ఎత్తేవాళ్లు తక్కువ.

2012-13 నుంచి మన దేశంలో యు.జి.సి. కమ్యూనిటీ కాలేజీల పథకం ఒకటి పెట్టింది. ఆ పేరు అమెరికా నుంచి వచ్చింది. వచ్చేటప్పుడు అర్థం దారిలో జారిపోయింది. మనకు కమ్యూనిటీ అంటే కులం, మతం. తాసీల్దారు ఆఫీసులో కమ్యూనిటీ, నేటివిటీ సర్టిఫికెట్ కోసం నిలబడినప్పుడు మనల్ని అడిగేది అదే. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అంటే ఊరి కాలేజీ. ఊళ్లో ఉన్నవాడు ఎవడైనా, ఏ మార్కులొచ్చినా, ఏ వయసులోనైనా తలుపు తట్టొచ్చు. రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారొచ్చు, లేదా పని నేర్చుకుని ఉద్యోగంలో చేరొచ్చు. మరి ఆ ఊళ్లో మన కమ్యూనిటీ కూడా ఉంటే ఏం జరుగుతుంది? అలాంటి ఊరు ఒకటుంది. మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరాన్ని ఆనుకుని ఉన్న డియర్‌బోర్న్. అక్కడి కాలేజీ పేరు హెన్రీ ఫోర్డు కాలేజీ. ఆ పేరు దగ్గరే కథ మొదలవుతుంది.

హెన్రీ ఫోర్డు 1863లో ఆ ప్రాంతంలోనే రైతు ఇంట్లో పుట్టాడు. 1914 జనవరిలో రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించి లోకాన్ని ఆశ్చర్యపరిచాడు. లెబనాన్, సిరియా కొండపల్లెల నుంచి, బాల్కన్ దేశాల నుంచి, రష్యా నుంచి జనం వచ్చి పడ్డారు. అయితే ఆ 5 డాలర్లకు షరతులున్నాయి. కంపెనీలో సోషలాజికల్ డిపార్ట్‌మెంట్ అని ఒకటుండేది. దాని ఇన్‌స్పెక్టర్లు కార్మికుడి ఇంటికి వచ్చి తాగుతాడా, పొదుపు చేస్తాడా, ఇల్లు శుభ్రంగా ఉందా అని చూసి రాసుకునేవారు. సరిగా బతికేవాడికే పూర్తి కూలి. అదే జనవరిలో తమ పాత కాలెండరు ప్రకారం క్రిస్మస్ చేసుకోవడానికి పనికి రాని గ్రీకు, రష్యన్ కార్మికులను ఎనిమిది తొమ్మిది వందల మందిని పనిలోంచి తీసేశారు. వాళ్లూ క్రైస్తవులే. కాలెండరు తేడా మాత్రమే. ఈద్‌కు చంద్రుణ్ణి చూసి సెలవు అడిగేవాడికి ఆ ఫ్యాక్టరీలో ఏ మర్యాద దక్కుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఫోర్డు తన కార్మికులకు ఇంగ్లీషు నేర్పడానికి ఒక బడి కూడా పెట్టాడు. అక్కడ నేర్పిన మొదటి వాక్యాల్లో ఒకటి, నేను మంచి అమెరికన్ని అన్నది. ఆ బడి పట్టాల పండగ చరిత్ర పుస్తకాలకెక్కింది. వేదిక మీద మన పెళ్లిళ్ల బిర్యానీ దేగ్‌కన్నా ఎన్నో రెట్లు పెద్దదైన ఒక పాత్ర. వెనక ఓడ బొమ్మ. కార్మికులు తమ తమ దేశాల బట్టల్లో ఓడ దిగి ఆ పాత్రలోకి దిగుతారు. పంతుళ్లు పొడవాటి గరిటెలతో తిప్పుతారు. కాసేపటికి అందరూ కోటూ ప్యాంటూ వేసుకుని, చేతిలో అమెరికా జెండా పట్టుకుని బయటికొస్తారు. కరిగించే కుండ అనే మాటను అందరూ అలంకారంగా వాడతారు, ఫోర్డు దాన్ని నిజంగానే చేయించి పెట్టాడు. ప్రధాన స్రవంతిలో కలవండి అని మనకు రోజూ చెప్పేవాళ్లు చేతిలో గరిటె పట్టుకోరు, అంతే తేడా.

అప్పట్లో ఫ్యాక్టరీ హైలాండ్ పార్కు అనే చోట ఉండేది. అక్కడి ముస్లిం కార్మికులు 1921లో ఒక మసీదు కట్టుకున్నారు. అమెరికాలో మసీదుగానే కట్టిన తొలి కట్టడాల్లో అదొకటి. అది ఎంతోకాలం నిలవలేదు. ఫోర్డు తన ఉత్పత్తిని డియర్‌బోర్న్‌లో రూజ్ నది ఒడ్డున కట్టిన మహా కర్మాగారానికి మార్చడం మొదలుపెట్టాడు. పని ఎటుపోతే జనం అటు. నమాజీలు వెళ్లిపోయాక మసీదు మిగల్లేదు. రూజ్ కర్మాగారం మంచి ఊపులో ఉన్న రోజుల్లో లక్షమందికి పైగా పనిచేసేవారు. ఇనుప ఖనిజం ఒక చివర లోపలికెళితే రెండో చివర కారు బయటికొచ్చేది. దాని పొగగొట్టాల నీడలో, సౌత్ ఎండ్ అనే మొహల్లాలో, అరబ్బులు ఇళ్లు తీసుకున్నారు. 1930ల చివర్లో అక్కడ డిక్స్ వీధిలో మళ్లీ మసీదు లేచింది.

ఈ కాలేజీ పుట్టిన సంవత్సరం 1938. అంతకు ఆరేళ్ల ముందు, 1932 మార్చి 7న, ఆకలితో ఊరేగింపుగా వచ్చిన నిరుద్యోగ కార్మికుల మీద రూజ్ గేటు దగ్గర డియర్‌బోర్న్ పోలీసులు, ఫోర్డు కాపలాదార్లు కాల్పులు జరిపారు. నలుగురు అక్కడే పోయారు, ఐదోవాడు తర్వాత చనిపోయాడు. 1937 మేలో యూనియన్ కరపత్రాలు పంచడానికొచ్చిన నాయకుల్ని అదే కర్మాగారం వంతెన మీద చితకబాదారు. 1938 జూలైలో, తన 75వ పుట్టినరోజున, హెన్రీ ఫోర్డు హిట్లర్ ప్రభుత్వం పంపిన పతకం అందుకున్నాడు. ఆ పతకం ఊరికే రాలేదు. డియర్‌బోర్న్ ఇండిపెండెంట్ అని ఫోర్డుకు ఒక వారపత్రిక ఉండేది. 1920 మే నుంచి అందులో వారం వారం యూదుల మీద విషం అచ్చయింది. వాటిని పుస్తకాలుగా కూడా వేశారు. పరువునష్టం దావా పడ్డాక 1927లో క్షమాపణ చెప్పి పత్రిక మూసేశాడు.

యూదుల మీద రాతే కదా, మనకేమిటి అనేవాళ్లు మనలో లేకపోలేదు. వాళ్లకొక మాట. ఆ వ్యాసాల సారం ఏమిటో చూడండి: వీళ్లు ఏ దేశంలో ఉన్నా విధేయత వేరేచోట, వీళ్లంతా లోలోపల ఒకటి, వీళ్లకు ఒక రహస్య పథకం ఉంది. పేరు మార్చి చదివితే అది ఇవాళ ఎవరి గురించి రాస్తున్నారో చెప్పనక్కర్లేదు. ఆ అచ్చు దిమ్మ మారలేదు.

అలాంటి ఊళ్లో, అలాంటి కాలంలో, ఫోర్డ్‌సన్ విద్యా బోర్డు ఒక జూనియర్ కాలేజీ తెరిచింది. ఫోర్డ్‌సన్ అంటే ఫోర్డు, ఆయన కొడుకు. ఊరి తూర్పు భాగానికి కొన్నాళ్లు ఆ పేరే ఉండేది, 1929లో డియర్‌బోర్న్‌లో కలిసింది. ప్రభుత్వ జూనియర్ కాలేజీ అనే ఆలోచన అప్పటికే పాతది, షికాగో దగ్గర జోలియట్‌లో 1901లోనే మొదలైంది. యుద్ధం ముగిశాక, 1944 నాటి సైనికుల చట్టం కింద చదువు ఖర్చు సర్కారు భరించడంతో, తిరిగొచ్చిన సిపాయిలు కాలేజీల మీదికి వచ్చిపడ్డారు. 1946లో పేరు డియర్‌బోర్న్ జూనియర్ కాలేజీ అయింది. 1947లో ట్రూమన్ వేసిన కమిషన్ ప్రతి ప్రాంతానికీ ఇలాంటి కాలేజీలు కావాలని చెప్పి, కమ్యూనిటీ కాలేజీ అనే మాటను దేశమంతా వ్యాపింపజేసింది. 1952లో ఫోర్డు కంపెనీ నడిపే ట్రేడ్ స్కూలు మూతపడింది. పేద కుర్రాళ్లకు పని నేర్పుతూ కాస్త కూలి ఇచ్చే బడి అది, 1916 నుంచి ఉంది. దాని ఆస్తులు కాలేజీకి వచ్చాయి, వాటితోపాటు హెన్రీ ఫోర్డు కమ్యూనిటీ కాలేజీ అనే పేరూ వచ్చింది. 1956లో కంపెనీ 75 ఎకరాల నేల ఇచ్చింది. అదే ఏడాది పక్కనే మిషిగన్ యూనివర్సిటీకి ఇంకా పెద్ద స్థలం, డబ్బు ఇచ్చింది. ఆ యూనివర్సిటీ శాఖ 1959లో తెరుచుకుంది. కాలేజీలో రెండేళ్లు చదివినవాడు నడిచి వెళ్లి యూనివర్సిటీలో చేరేంత దగ్గర.

దానం ఇచ్చాడు కాబట్టి ఫోర్డు గొప్పవాడు అని కొందరు, ఆ పేరున్న కాలేజీలో చదవడమేమిటి అని కొందరు అంటారు. నాకు రెండూ సగం మాటలే. ఇలాంటి కాలేజీ నడిచేది దానంతో కాదు. మూడు చోట్ల నుంచి డబ్బొస్తుంది. రాష్ట్రం ఇచ్చేది, విద్యార్థి కట్టే ఫీజు, ఊరి ఆస్తిపన్ను. డియర్‌బోర్న్ ఆస్తిపన్నులో పెద్ద వాటా దశాబ్దాల తరబడి ఫోర్డు కంపెనీదే. రూజ్ కొలిమి దగ్గర యెమెనీ కూలీ, లెబనానీ కూలీ ఓడ్చిన చెమట విలువలో కొంత పన్నుగా మారి కాలేజీకి చేరింది. ఊళ్లో ఉన్నవాడికి ఫీజు తక్కువ, బయటివాడికి ఎక్కువ. అంటే ఆ కాలేజీ మీద సౌత్ ఎండ్ కార్మికుడి కొడుక్కి హక్కుంది, దయ అక్కర్లేదు. మన మైనారిటీ కాలేజీల్లో డొనేషన్ కట్టి చేరిన పిల్లవాడి తండ్రికి ఈ తేడా బాగా అర్థమవుతుంది.

అయితే తలుపు తెరిచి ఉండడం వేరు, తలుపు దాకా రానివ్వడం వేరు. 1942 నుంచి 1978 దాకా డియర్‌బోర్న్ మేయరు ఆర్విల్ హబ్బర్డ్. ఊరిని శుభ్రంగా ఉంచండి అనేది ఆయన నినాదం. చెత్త గురించి కాదని అందరికీ తెలుసు. నల్లవాళ్లు రూజ్‌లో పని చేయొచ్చు, డియర్‌బోర్న్‌లో ఇల్లు తీసుకోకూడదు. పక్కనే డెట్రాయిట్. అక్కడ 1967 జూలైలో తిరుగుబాటు లేచి 43 మంది చనిపోయారు. ఆ నగరానికి వేన్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీ ఏర్పడింది కూడా 1967లోనే. తెల్లవాళ్ల శివారుకు 1938లో వచ్చిన సౌకర్యం నల్లవాళ్ల నగరానికి మూడు దశాబ్దాల తర్వాత వచ్చింది. మొదట్లో దానికి సొంత క్యాంపస్ కూడా లేదు. ఎక్కువ ఫీజు కట్టి సరిహద్దు దాటి ఫోర్డు కాలేజీకి వచ్చే డెట్రాయిట్ విద్యార్థులున్నారు, ఇప్పటికీ వస్తున్నారు. శివారు కాలేజీ చుట్టుపక్కల ప్రాంతానికి చేసిన మేలు రాసేటప్పుడు ఈ సరిహద్దును దాచి రాస్తే అది చరిత్ర కాదు, సావనీరు అవుతుంది.

అరబ్బుల మీదా హబ్బర్డ్ పాలన కన్ను పడింది. సౌత్ ఎండ్‌ను పరిశ్రమల జోను చేస్తామని ఇళ్లు కొని పడగొట్టడం మొదలుపెట్టారు. జనం కోర్టుకెక్కారు. 1973లో ఫెడరల్ కోర్టు నగరాన్ని తప్పుపట్టింది. ఆ మొహల్లా మిగిలింది. ఆ పోరాట కాలంలోనే, 1971లో, కొత్తగా వచ్చినవాళ్లకు కాగితాలు నింపి పెట్టడానికి, ఇంగ్లీషు నేర్పడానికి ఆక్సెస్ అనే సంస్థ పుట్టింది. తర్వాత అది దేశంలోనే పెద్ద అరబ్ అమెరికన్ సంస్థ అయింది, 2005లో అక్కడ అరబ్ అమెరికన్ మ్యూజియం తెరిచింది కూడా వాళ్లే.

1965లో అమెరికా వలస చట్టం మారింది. 1967 యుద్ధం, 1975లో లెబనాన్ అంతర్యుద్ధం, 1978లోను 1982లోను ఇజ్రాయెల్ దండయాత్రలు, 1991 తర్వాత ఇరాకీలు. ఒక్కో యుద్ధం డియర్‌బోర్న్‌కు ఒక వీధిని చేర్చింది. దక్షిణ లెబనాన్‌లోని బింత్ జుబైల్ అనే పట్నం నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ లెక్కలేనన్ని. 1985లో మేయరు పదవికి పోటీ చేసిన మైఖేల్ గైడో, పార్కుల గురించి, అరబ్ సమస్య గురించి మాట్లాడుకుందాం అని కరపత్రం అచ్చువేసి ఇంటింటికీ పంపాడు, గెలిచాడు, 2006లో చనిపోయేదాకా మేయరుగా ఉన్నాడు. మనిషి సమస్యగా అచ్చయ్యాక ఎలా బతుకుతాడు? డియర్‌బోర్న్ అరబ్బులు చేసిన పనుల్లో ఒకటి, పిల్లల్ని ఆ కాలేజీకి పంపడం.

కొత్తగా వచ్చినవాళ్లకు ఇంగ్లీషు నేర్పే విభాగం కాలేజీలో ఉంది. డాక్టరుగానో టీచరుగానో పనిచేసి వచ్చి, అమెరికాలో పెట్రోలు బంకులో నిలబడ్డవాడికి అది తిరిగి లేవడానికి ఒక మెట్టు. ఫోర్డు పాత ఇంగ్లీషు బడికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ అరబ్బీ కూడా ఒక సబ్జెక్టు. ఇంగ్లీషు నేర్చుకున్నవాడు తన భాషను బయట చెప్పులతోపాటు వదిలి రానక్కర్లేదు. ఉర్దూలో చదివి తెలుగులో రాస్తున్న నాబోటి వాడికి ఈ చిన్న సంగతి పెద్దగా కనిపిస్తుంది. మన కాలేజీల్లో ఉర్దూ సెక్షన్ మూతపడినప్పుడు అదొక ప్రగతి అన్నట్టు మాట్లాడిన మేధావులు మనకు తెలుసు.

ఇంకా పెద్ద సంగతి ఆడపిల్లలది. చాలా ఇళ్లలో కూతుర్ని దూరపు యూనివర్సిటీ హాస్టల్‌కు పంపే మాటే లేదు. ఇంట్లోంచి కారులో పది నిమిషాల దూరం, సాయంత్రానికి ఇంటికి, ఫీజు తక్కువ, చుట్టూ తెలిసిన మొహాలు. అందుకే హిజాబ్ పెట్టుకున్న అమ్మాయిలు నర్సింగ్‌కు, టీచరు చదువుకు, అకౌంట్సుకు అక్కడ చేరారు. ఇందులో విప్లవమేమీ లేదని ఎవరైనా అనొచ్చు. ఇంటి కట్టుబాటును కాలేజీ ఎదిరించలేదు, దాని పక్కనుంచి దారి తీసింది. ఊళ్లోనే డిగ్రీ కాలేజీ ఉంటే చదివేదాన్ని అని చెప్పే ఆడవాళ్లు కర్నూలు నుంచి కరీంనగర్ దాకా మన ప్రతి మొహల్లాలో ఉన్నారు. వాళ్లకు అడ్డొచ్చింది మజహబ్ అని తేల్చేసేవాళ్లు బస్సు చార్జీ, హాస్టల్ గది, రాత్రి దారి లెక్కలోకి తీసుకోరు.

2001 సెప్టెంబరు తర్వాత ఈ ఊరి మీద టీవీ కెమెరాలు వాలాయి. ఆ నవంబరులో న్యాయశాఖ దేశమంతా దాదాపు 5,000 మంది విదేశీ యువకులకు వచ్చి మాట్లాడాలని పిలుపు పంపింది. తూర్పు మిషిగన్‌లోనే 500 మందికి పైగా. వాళ్లలో విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లున్నారు. 2002 నుంచి ముస్లిం దేశాల మగవాళ్లకు ప్రత్యేక నమోదు పెట్టారు, అది 2011 దాకా నడిచింది. క్లాసులో కూర్చున్న పిల్లవాడు ఒక చేత్తో నోట్సు రాసుకుంటూ రెండో చేత్తో జేబులో కాగితాలు తడుముకోవడం ఎలా ఉంటుందో మక్కా మసీదు పేలుళ్ల తర్వాత, 2007లో, హైదరాబాదు కుర్రాళ్లకు చెప్పనక్కర్లేదు.

అదే 2007లో పక్క యూనివర్సిటీలో వుజూ గొడవ. విద్యార్థులు నమాజుకు ముందు కాళ్లను చేతులు కడుక్కునే సింకుల్లో కడుగుతున్నారు, నేల తడిసి జారుతోంది. కాళ్లు కడుక్కునేందుకు కింద కుళాయిలు పెట్టాలని యూనివర్సిటీ నిర్ణయించింది. ఖర్చు 25,000 డాలర్లు. అమెరికా ఇస్లాం పాలైపోతోందని రేడియోల్లో గోల. మతాన్ని ప్రభుత్వానికి దూరంగా ఉంచాలని కోర్టుల్లో కొట్లాడే పౌరహక్కుల సంఘమే, ఇది శుభ్రతకు, భద్రతకు సంబంధించిన పని, ఎవరైనా వాడుకోవచ్చు, అభ్యంతరం లేదంది. మన లౌకిక మిత్రులు ఈ ఉదాహరణ కాస్త తీరిగ్గా ఆలోచించాలి. నల్లా ఎత్తు తగ్గితే లౌకికరాజ్యం కూలదు.

ఆ సంవత్సరాల్లోనే కార్ల పరిశ్రమ కుప్పకూలింది. 2006లో ఫోర్డు కంపెనీ తన యూనియన్ కార్మికులందరికీ డబ్బు తీసుకుని వెళ్లిపొమ్మని బేరం పెట్టింది. ఆ బేరాల్లో కొన్ని చదువు ఖర్చు ఇస్తామనేవి. 2007లో మిషిగన్ రాష్ట్రం పని పోయినవాళ్లకు ఏడాదికి 5,000 డాలర్ల చొప్పున రెండేళ్ల ఫీజు కట్టే పథకం తెచ్చింది. 2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ దివాలా కోర్టుకెక్కాయి. అలాంటప్పుడు కమ్యూనిటీ కాలేజీ ఏమిటో తెలుస్తుంది. పదహారేళ్ల పిల్ల పక్కన యాభై ఏళ్ల వెల్డరు కూర్చుంటాడు. తెల్లవాడు, నల్లవాడు, అరబ్బు. ఎవడి కథ వాడిది, పోయింది మాత్రం ఒకటే పని. అప్పట్లో ఆ చుట్టుపక్కల శివార్లలో ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగు ఇంజనీర్లలో ఎందరికి ఆ కాలేజీ దారి తెలుసో నాకు అనుమానమే. మనవాళ్లు డిగ్రీలు పట్టుకుని వెళతారు, ఇంకో మెట్టు పైనుంచి దిగుతారు. అమెరికా ముస్లింల గురించి హైదరాబాదులో వినిపించే కథ ఎక్కువగా అలాంటి డాక్టర్ల, ఇంజనీర్ల కథే. కొలిమి దగ్గర మొదలైన కథ వేరు.

2014లో కాలేజీ తన పేరులోంచి కమ్యూనిటీ అనే మాట తీసేసింది. రాష్ట్ర చట్టం మారి, ఇలాంటి కాలేజీలు కొన్ని నాలుగేళ్ల డిగ్రీలు ఇవ్వొచ్చని అనుమతి వచ్చింది, ఇక్కడ వంట విద్యలో డిగ్రీ మొదలైంది. ఫోర్డు మిగిలాడు, కమ్యూనిటీ పోయింది. హబ్బర్డ్ విగ్రహం 2015లో పాత సిటీ హాలు నుంచి మ్యూజియం దగ్గరికి, 2020లో అక్కడి నుంచీ పోయింది. 2020 జనాభా లెక్కల్లో డియర్‌బోర్న్ జనం 1,09,976. అందులో సగానికి పైగా తమ మూలం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా అని రాసుకున్నారు. 2021 నవంబరులో ఆ ఊరు అబ్దుల్లా హమూద్‌ను మేయరుగా ఎన్నుకుంది. అరబ్ సమస్య అని కరపత్రం పంచిన 36 ఏళ్లకు.

ఇక్కడితో ఆపితే అందరికీ బాగుంటుంది. కానీ ఈ కాలేజీ పాలనలో ఒక విచిత్రం ఉంది. ఊరి బడులను నడిపే ఎన్నికైన ఏడుగురు సభ్యుల బోర్డే కాలేజీకీ బోర్డు. చాలా కమ్యూనిటీ కాలేజీలకు వేరే బోర్డులుంటాయి, ఇక్కడ మొదటి నుంచీ పద్ధతి ఇదే. ఒకప్పుడు అరబ్బు పేరు కనిపించని ఆ కుర్చీల్లో ఇప్పుడు అరబ్బులూ కూర్చుంటున్నారు. 2022 అక్టోబరులో ఆ బోర్డు సమావేశానికి వందలమంది తల్లిదండ్రులు వచ్చారు, వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. స్వలింగ సంపర్కుల జీవితాల గురించిన కొన్ని పుస్తకాలు బడి లైబ్రరీల్లోంచి తీసేయాలన్నది వాళ్ల కోరిక. మొదటి సమావేశం కేకలతో ఆగిపోయింది, మూడు రోజుల తర్వాత పెద్ద హాల్లో మళ్లీ పెట్టారు. నిన్నటిదాకా తమను అనుమానించిన మితవాదులు ఆ రోజు పక్కన నిలబడ్డారు. మా పిల్లలు ఏం చదవాలో మేం చెబుతాం అన్నారు తల్లిదండ్రులు. మేమూ ఈ ఊరి పిల్లలమే అన్నారు ఎదుటివైపు వాళ్లు, వాళ్లలోనూ అరబ్బులున్నారు. ఆ రెండు మాటల మధ్య ఆ ఏడుగురు కూర్చుని ఉన్నారు. బడి పని ముగిస్తే వాళ్లు చూడాల్సింది కాలేజీ పని.